పాలున్నాయి, తల్లికే చోటు లేదు

ఆగస్టు మొదటి వారం వస్తోందంటే నాకు ఒళ్లు మండుతుంది. తల్లిపాల వారోత్సవాలు! ప్రతి ఆసుపత్రి గోడకూ ఒక ఫ్లెక్సీ వేలాడుతుంది. అందులో పట్టుచీర కట్టుకున్న తల్లి, ఆమె ఒళ్లో బొద్దుగా మూడున్నర కిలోల బిడ్డ, పైన పెద్దమనుషుల ఫొటోలు. హాల్లో మీటింగు పెట్టి తల్లిపాల గొప్పతనం గురించి గంటసేపు ఊదరగొడతారు, బాలింతలకు పండ్లు పంచుతారు, ఫొటో దిగి వెళ్లిపోతారు. అదే భవనం పై అంతస్తులో పదకొండు వందల గ్రాముల బిడ్డ ముక్కులోని గొట్టంలోంచి డబ్బా పాలు తాగుతూ ఉంటుంది. ఆ బిడ్డ తల్లి కింది వార్డులో రొమ్ములు రాళ్లలా గడ్డకట్టి, జ్వరంతో మూలుగుతూ ఉంటుంది. పైకి వెళ్లనివ్వరు గానీ ఫ్లెక్సీ మాత్రం చదువుకోనిస్తారు.

ఆ తల్లికి చెప్పాల్సింది నా దగ్గర ఏమీ లేదు. ఆమెకు చెప్పేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. నా తగాదా ఆమెను కింద, బిడ్డను పైన పెట్టి, మధ్యలో సెక్యూరిటీ గార్డును కూర్చోబెట్టినవాళ్లతో. ఆ ఏర్పాటు మామూలే అనుకుని ఊరుకునే మనందరితో కూడా.

ముందు సంగతి అర్థం కావాలి. 30 వారాలకు పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒక వరసలో కుదరవు. దాదాపు 34 వారాలు వచ్చేదాకా ఆ నేర్పు రాదు. కాబట్టి పాలు పిండి తీయాలి, మొదట గొట్టంలో, తర్వాత ఉగ్గుగిన్నెతో పట్టాలి, ఆ తర్వాతే రొమ్ము. చిక్కంతా ఇక్కడే ఉంది. బిడ్డ నోరు రొమ్ముకు తగలకపోతే పాలు కావాలన్న కబురు తల్లి ఒంటికి అందదు. ఆ కబురు చేతితోనో పంపుతోనో ఎవరో ఒకరు పంపాలి. కాన్పయిన మొదటి ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి, రోజుకు కనీసం ఎనిమిది సార్లు పిండాలి, అందులో ఒకటి రెండు సార్లు అర్ధరాత్రి దాటాక కావాలి, ఎందుకంటే పాలు తయారుచేసే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఊరుతుంది. మొదటి రోజు వచ్చేది చెంచాడు ముర్రుపాలు. ఆ చెంచాడే చాలు. ఆ బిడ్డ కడుపు పట్టేదీ అంతే. గొట్టంలో పోయడానికి లేకపోతే రెండు చుక్కలు బుగ్గ లోపల రాసినా రోగాన్ని ఆపే సరుకు లోపలికి వెళుతుంది.

ఈ మాట సిజేరియన్ మత్తులో ఉన్న తల్లికి మొదటి ఆరు గంటల్లో ఎవరు చెప్పాలి? ఎవరు పక్కన కూర్చుని పిండించాలి? మన ఆసుపత్రుల్లో ఆ పని ఎవరి ఉద్యోగమూ కాదు. పిల్లల డాక్టరు బిడ్డను చూస్తారు, కాన్పుల డాక్టరు కుట్లు చూస్తారు, రొమ్ములు ఇద్దరికీ మధ్యలో అనాథలు. నాలుగో రోజుకు, ఎవరూ పిండని రొమ్ము తన పని తాను ముగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు వస్తుంది తీర్పు: "ఏమమ్మా, పాలు పడలేదా? డబ్బా తెప్పించండి." బయట బెంచీ మీద అత్తమ్మ దానికి తాళం వేస్తుంది: "ఏడో నెలకే కన్నది, దానికి పాలెక్కడ పడతయ్?" భర్త చేతిలో చీటీ, మెట్ల కింద మెడికల్ షాపు. నాలుగు రోజుల నిర్లక్ష్యం ఆ చీటీ మీద తల్లి ఒంటి లోపంగా నమోదైపోతుంది. ఇంతకన్నా శుభ్రంగా నేరం చేతులు మారడం నేను ఇంకెక్కడా చూడలేదు.

డబ్బా పాలు విషం కావు. తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు, మరో దారి లేనప్పుడు అవి కావాల్సిందే. డబ్బా పట్టించిన తల్లిని నిలదీసేవాళ్లతో నాకు పొత్తు లేదు. అయితే కిలో బరువు బిడ్డ పేగు కాగితంలా ఉంటుంది. అది కుళ్లే జబ్బు ఒకటుంది, వార్డుల్లో ఎన్‌ఈసీ అంటారు. పొట్ట ఉబ్బుతుంది, రక్తవిరేచనం అవుతుంది, కొన్ని గంటల్లో బిడ్డ చేజారిపోతుంది. బతికినా పేగు కోసి తీసేయాల్సి రావచ్చు. 1990లో ఇంగ్లండు నుంచి లూకాస్, కోల్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో చూపించారు: పూర్తిగా డబ్బా పాల మీద పెరిగిన నెలతక్కువ బిడ్డల్లో ఈ జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లకన్నా ఆరు నుంచి పది రెట్లు ఎక్కువ. మూడున్నర దశాబ్దాలు దాటింది. ఈ మాట తెలియదని నవజాత శిశువుల ఐసీయూలో, అంటే ఎన్‌ఐసీయూలో పనిచేసే ఏ డాక్టరూ చెప్పలేరు.

ఇక ఊరి సంగతికి వస్తాను, ఎందుకంటే నా కోపానికి చిరునామా ఉంది. హబ్సిగూడ. మెట్రో స్టేషన్ దిగి ఒకవైపు నడిస్తే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. ఇంకోవైపు తార్నాక దారిలో జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్‌ఐఎన్ అనేది. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాదు వచ్చింది. సరిగ్గా ఆ సంవత్సరమే దాని పెద్దల్లో ఒకరైన సి. గోపాలన్, పేద భారతీయ స్త్రీల పాల మీద తన అధ్యయనం అచ్చువేశారు. మరుసటి ఏడు బెలవాడితో కలిసి ఆ పాలలో ఏమేముందో విడదీసి చెప్పారు. సగం ఆకలితో బతికే కూలి స్త్రీల పాలలో మాంసకృత్తులు, కడుపునిండా తినే పాశ్చాత్య స్త్రీల పాలకు ఇంచుమించు సమానమని తేలింది. కొన్ని విటమిన్లు తగ్గాయి, నిజమే. తల్లి తిండి బాగుపడాలి, అదీ నిజమే. కానీ పేదరాలి పాలు పేదవి కావు. తన ఎముకల్లోంచి, కండల్లోంచి తీసి అయినా ఆమె ఒళ్లు బిడ్డకు పెడుతుంది.

ఈ నిజం హైదరాబాదుకు వచ్చి అరవై ఏళ్లు దాటింది. అది వచ్చి చేరిన వీధికి కూతవేటు దూరంలో, ఉప్పల్ రోడ్డు పొడవునా ఉన్న ఆసుపత్రుల బోర్డుల కింద, ఈ రోజుకీ తల్లులు "నేను సరిగా తినను కదా, అందుకే నా పాలలో సత్తువ లేదు" అని నమ్ముతున్నారు. నమ్మించారు. పరిశోధన ఒక గేటు లోపల, ప్రసవం ఇంకో గేటు లోపల, రెండు గేట్ల మధ్య రోడ్డు దాటే మనిషి లేడు. మనం మాత్రం మా పేట సైన్సుకు రాజధాని అని పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకుంటాం.

ఇప్పుడు నాచారం వెళ్దాం. పారిశ్రామికవాడలో ఏదో షెడ్డులో ప్యాకింగ్ పని చేసే ఒక అమ్మాయిని ఊహించుకోండి. కాంట్రాక్టరు కింద పని, నెలకు ఇరవై ఒక్క వేలకు లోపు జీతం. కాగితం మీద ఆమె ఉద్యోగుల బీమా అయిన ఈఎస్‌ఐ కిందికి వస్తుంది, నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. 70 రోజుల చందా కట్టినట్టు రికార్డు ఉంటే 26 వారాల ప్రసూతి సొమ్ము వస్తుంది. కాంట్రాక్టరు ఆమె పేరు రాసుకున్నాడా? మూడు నెలలకోసారి పేరు మార్చి కొత్తగా చేరినట్టు చూపించాడా? అది ఆమెకు ఏడో నెలలో నొప్పులొచ్చిన రాత్రి తెలుస్తుంది.

పేరు ఉందనే అనుకుందాం. 26 వారాలు కాన్పుతోనే లెక్కకెక్కుతాయి. బిడ్డ ఎనిమిది వారాలు ఇంక్యుబేటరు పెట్టెలో ఉంటే, ఆ ఎనిమిది వారాలూ సెలవులోంచే కోత. ఇంటికి తెచ్చుకునేసరికి నిండు నెలల బిడ్డ తల్లికన్నా ఈమెకు రెండు నెలలు తక్కువ, బిడ్డకు మాత్రం రెండు నెలల సాకుడు ఎక్కువ కావాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో దీనికి ఒక సెక్షన్ ఉండేది, పదో సెక్షన్. నెలలు నిండకుండా బిడ్డ పుట్టడం వల్ల తల్లికి జబ్బు చేస్తే, రుజువు చూపిస్తే, అదనంగా ఒక నెల వరకు జీతంతో సెలవు. ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. జబ్బు తల్లికి చేయాలి! బిడ్డ వెంటిలేటర్ మీద ఉండటం కారణం కిందికి రాదు. రోజుకు ఎనిమిది సార్లు పాలు పిండటం కారణం కిందికి రాదు. 2020 సామాజిక భద్రత కోడ్ రాసినప్పుడు ఈ వాక్యాన్ని సరిచేసే అవకాశం వచ్చింది. పాత వాక్యాన్నే ఎత్తి కొత్త కాగితం మీద పెట్టారు.

పనిలోకి తిరిగి వెళ్లాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు సార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని కూడా చట్టం అంటుంది. 50 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలి. నాచారంలో, మల్లాపూర్‌లో, చర్లపల్లిలో ఎన్ని షెడ్లలో ఆ గది చూశారో మీరే చెప్పండి. 49 దగ్గర జీతాల పట్టీ ఎలా ఆగిపోతుందో అక్కడి మేనేజర్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు.

ఇక ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు, అడ్డా మీద నిలబడే ఆడవాళ్లకు ఈ సెక్షన్లేవీ లేవు. హబ్సిగూడ వీధి నంబర్ 8లో మన అంట్లు తోమే మనిషి కోడలికి నెలతక్కువ కాన్పయితే, ఆమె ఎన్నో రోజుకు పనిలోకి వస్తుందని మనం ఫోనులో అడిగే గొంతును ఒకసారి రికార్డు చేసుకుని వినాలి. వెట్టి కాలంలో పచ్చి బాలింతల్ని కూడా దొరల పొలాలకు తోలారనీ, గట్టు మీద బిడ్డ ఏడుస్తున్నా వెళ్లనివ్వలేదనీ తెలంగాణ పోరాట చరిత్రలో చదివి మనం కళ్లు తుడుచుకుంటాం. గడీ కూలిపోయింది. బిడ్డ ఏడిస్తే పని ఆపి వెళ్లే హక్కు మాత్రం ఆ కూలీల మనవరాళ్లకు ఇంకా రాలేదు.

ఇక్కడ ఒకాయన లేస్తాడు. ప్రతి సభలోనూ ఉంటాడు. "అమ్మా, నెలతక్కువ కాన్పులు కొందరి ఒంటి తత్వం. కొన్ని వర్గాల్లో ఎక్కువ. జీన్సు." ఈయనకు జవాబు హబ్సిగూడలోనే ఉంది, కాకపోతే అమెరికా చుట్టి రావాలి.

అమెరికాలో 2022 లెక్క చూడండి. నల్లజాతి తల్లుల కాన్పుల్లో వందకు 14.6 నెలతక్కువ, తెల్లవాళ్లలో 9.4. ఏడాది నిండకుండా పోయే నల్లపిల్లలు వెయ్యికి దాదాపు 11 మంది, తెల్లపిల్లలు నలుగురైదుగురు. ఇది రక్తమే అని అక్కడా అన్నారు, ఎంతోకాలం అన్నారు. 1997లో షికాగో డాక్టర్లు రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ ఇల్లినాయ్ రాష్ట్రపు జనన రికార్డులు తిరగేశారు. ఆఫ్రికాలో పుట్టి పెరిగి అమెరికాకు వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువులు తెల్లవాళ్ల బిడ్డల బరువులకు దగ్గరగా ఉన్నాయి. అమెరికాలోనే పుట్టి పెరిగిన నల్లజాతి తల్లుల బిడ్డలే తేలికగా పుట్టారు. ఐదేళ్ల తర్వాత కాలిన్స్ బృందం ఇంకో అడుగు వేసింది. ఆఫ్రికా, కరీబియన్ దేశాల నుంచి వచ్చిన నల్లజాతి తల్లుల కూతుళ్లు అమెరికాలో పెరిగి బిడ్డల్ని కంటే, ఆ బిడ్డల బరువు తమ తల్లుల పుట్టుక బరువుకన్నా తగ్గింది. ఒక్క తరం! జీన్సు ఒక్క తరంలో మారవు. మారింది ఆ అమ్మాయి పెరిగిన వీధి, చదివిన బడి, ఆమె వైపు చూసిన కళ్లు, ఆసుపత్రిలో ఆమె నొప్పి అంటే నమ్మని చెవులు. పాల దగ్గరా ఇదే కథ. నల్లజాతి తల్లులు ఎక్కువగా చేరే ఆసుపత్రుల ఎన్‌ఐసీయూల నుంచి తల్లిపాల మీద ఇంటికి వెళ్లే బిడ్డలు తక్కువని అక్కడి నర్సింగ్ పరిశోధకులు లెక్క తీశారు. బానిసత్వంలో తెల్ల యజమానుల బిడ్డలకు పాలిచ్చి సాకిన స్త్రీల వారసులకు ఈ గతి.

ఈ మాటలు చదివి డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లల గురించి నిశ్చింతపడేవాళ్లు ఉంటారు. మనవాళ్లకు మంచి ఇన్సూరెన్సు, దాని మీద ఉచితంగా పంపు, ఆఫీసులో పాలు తీసుకోవడానికి 2022 నాటి చట్టం ఇచ్చిన హక్కు, వీసా తీసుకుని విమానమెక్కే అమ్మమ్మ. ఇన్ని ఆసరాలు చుట్టూ ఉన్నాయి కాబట్టే అక్కడ మన అమ్మాయికి పాలు పడ్డాయి. అదే కుటుంబానికి ఇక్కడ హబ్సిగూడలో వంట చేసే అమ్మాయికి ఒక్క ఆసరా కూడా లేదు, పాలు పడలేదు, తప్పు ఆమె తత్వానిది. భలే న్యాయం.

ఇక హబ్సిగూడలో ఉందన్న జవాబుకు వద్దాం. మా పేటకు పేరు వచ్చింది హబ్షీల వల్లనే, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వల్లనే అంటారు. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా గుర్రాలెక్కిన సిద్దీల వారసులు ఇవాళ మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంటారు. దేశంలోని సిద్దీల జన్యువుల్ని చదివి, ఆఫ్రికా మూలాలూ ఇక్కడి కలయికలూ విప్పి 2011లో ప్రపంచానికి చెప్పింది మా రోడ్డు మీది సీసీఎంబీ. అంతకు రెండేళ్ల ముందు అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ వాళ్లతో కలిసి, ఈ దేశంలో దాదాపు అందరమూ రెండు పాత జనసమూహాల కలనేతలమేనని నేచర్ పత్రికలో రాశారు. సుమారు 1,900 ఏళ్ల కిందటి దాకా ఆ కలయిక సాగిందనీ, తర్వాత కులం తలుపులు మూసిందనీ 2013లో తేల్చారు. అంటే "వాళ్ల రక్తం వేరు" అన్న మాటకు మా ఉప్పల్ రోడ్డు మీదే సమాధి కట్టేశారు. పూలు పెట్టడానికి ఎవరూ రారు గానీ.

రక్తం కాకపోతే ఏమిటి? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా ఏడాదిలోపు చనిపోయిన పిల్లలు ఎస్సీల్లో వెయ్యికి 45, ఎస్టీల్లో 44, పైకులాలు ఎక్కువగా ఉండే 'ఇతరుల్లో' 32. డబ్బు లేకపోవడమే కారణం అనేవాళ్లకు 2022లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఉంది. తొమ్మిది రాష్ట్రాల్లో ఆదివాసీల ఆయుష్షు పైకులాల హిందువులకన్నా నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఆస్తిపాస్తుల తేడా లెక్కలోకి తీసుకున్నా ఆ దూరంలో సగం కూడా చెరగలేదు. మిగతాది వార్డు తలుపు దగ్గర మొదలవుతుంది: ఎవరిని "మేడమ్" అంటారు, ఎవరిని "ఏయ్, జరుగు" అంటారు, ఎవరి భర్త లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడగలడు, ఎవరి అమ్మ మెట్ల కింద తుండు పరుచుకుని పడుకుంటుంది. ఊరందరి బిడ్డల బొడ్లు కోసిన మంత్రసానులు చాలా ఊళ్లలో ఏ వాడల నుంచి వచ్చారో తెలిసినవాళ్లకు ఈ తలుపు మరీ సిగ్గుచేటుగా కనిపించాలి.

నిలోఫర్ ఆసుపత్రి ఎలా పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. నిజాం కోడలు, ఒట్టోమన్ వంశపు రాకుమారి నిలోఫర్. ఆమె దగ్గర పనిచేసిన మనిషి కాన్పులో చనిపోయింది. అంతఃపురానికి అందే వైద్యం అంతఃపురంలో పనిచేసేదానికి అందలేదు. ఆ దుఃఖంతో రాకుమారి పట్టుబట్టగా రెడ్ హిల్స్‌లో లేచిన ఆసుపత్రి అది. అందుకే 2017లో అక్కడ ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు మొదలవడం నాకు సరైన చోట జరిగిన సరైన పని అనిపిస్తుంది. ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. మనకు రావడానికి 28 ఏళ్లు పట్టింది, సరే, వచ్చింది. పాలు ఎక్కువున్న తల్లులు ఇస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన గడ్డకట్టిస్తారు. సొంత తల్లి పాలకు అది సాటి రాదు. అవి వచ్చేదాకా పేగును కాపాడే కాపలా అది.

ఇప్పుడు ఉప్పల్ నుంచి ఒక బాలింత, కుట్లు పచ్చిగా ఉండగా, పిండిన పాలు ఐసుడబ్బాలో పట్టుకుని లక్డీకాపూల్ దగ్గరి నిలోఫర్‌కు వెళ్లాలంటే దారి ఇది: నీలి లైన్ ఎక్కి అమీర్‌పేట, అక్కడ మెట్లు దిగి ఎక్కి ఎరుపు లైన్, అక్కడి నుంచి ఆటో. పెట్టెలో ఉన్న తన బిడ్డను చూడటానికి రోజూ అదే ప్రయాణం. వెళ్లాక చూడనిచ్చే టైము ఎంతసేపు? ఐపీఎల్ ఉన్న రాత్రి ఉప్పల్ స్టేడియానికి మెట్రో అర్ధరాత్రి దాకా నడుస్తుంది, పోలీసులు రోడ్లు మళ్లిస్తారు, మంచినీళ్ల స్టాళ్లు వెలుస్తాయి. ఆటకు నేను విరోధిని కాను. వేలమంది మగవాళ్లు సౌకర్యంగా అరవడానికి ఈ నగరం ఎంత పనితనం చూపించగలదో చెబుతున్నాను, అంతే.

నగరం తూర్పున పాల బ్యాంకు శాఖ, కనీసం పాలు తీసుకుని చల్లగా దాచే గది ఎందుకు ఉండకూడదు? కేంద్రం 2017లోనే మార్గదర్శకాలు రాసింది: పెద్ద ఆసుపత్రుల్లో సమగ్ర కేంద్రాలు, జిల్లా స్థాయిలో చిన్న యూనిట్లు. రాసిన కాగితానికి గది కావాలి, ఫ్రిజ్ కావాలి, అన్నిటికన్నా ముందు ఇదే పనిగా జీతం తీసుకునే ఒక నర్సు కావాలి. బ్యాంకు పెట్టాక ఇంకో పని కూడా ఉంటుంది, మాట్లాడటం. "ఎవరి పాలో" అని కులం వాసన చూసే ఇళ్లు ఉంటాయి. వాళ్లకు నా దగ్గర మర్యాద లేదు. ఎక్కించే రక్తానికి లేని కులం పాలకు ఎక్కడిది? ముస్లిం కుటుంబాల సందేహం వేరే రకం. ఒకే తల్లి పాలు తాగినవాళ్లు తోబుట్టువులవుతారు, వాళ్ల మధ్య నిఖా కుదరదు, పదిమంది పాలు కలిపేస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. ఇది మూఢత్వం కాదు, వాళ్ల ధర్మం. పాతబస్తీ నుంచి ఎంతోమంది వచ్చే ఆసుపత్రిలో, ఒకే దాత పాలను విడిగా ఉంచి, రాసి ఇచ్చే పద్ధతి పెడితే తీరిపోయే సమస్య.

పాలను అమ్మకానికి పెట్టే పని కూడా ఈ దేశంలో చేశారు. 2024 మేలో ఆహార భద్రతా సంస్థ దాన్ని ఆపమని హెచ్చరించింది. మంచి పని. ఆ వ్యాపారం అలాగే సాగితే పాలు అమ్మేది ఎవరి బిడ్డ కడుపు మాడ్చి, కొనేది ఎవరి బిడ్డ కోసం అన్నది చెప్పనక్కర్లేదు. డబ్బాల మీద 1992 నాటి చట్టం ఇంకా కఠినమైనది: ప్రకటనలు వద్దు, ఉచిత శాంపిళ్లు వద్దు, డాక్టర్లకు కానుకలు వద్దు, సదస్సులకు సొమ్ము వద్దు. 2003లో ఇంకాస్త బిగించారు. ఇంత బిగించినా, నాలుగో రోజు చీటీ మీద డబ్బా పేరు మాత్రం బ్రాండుతో సహా ఠంచనుగా పడుతుంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఉంది చూశారూ, ఆసుపత్రి దాన్ని కూడా మించిపోయింది. తల్లిని పెట్టనివ్వదు, బ్యాంకు నుంచి అడుక్కోదు, షాపుకు మాత్రం పంపిస్తుంది.

అడిగితే చెప్పే సాకు ఇన్‌ఫెక్షన్. తల్లులు లోపలికి వస్తే సూక్ష్మజీవులొస్తాయట. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల ఛాతీకి కట్టించాడు. పేదరికం కనిపెట్టిన ఆ పద్ధతే కంగారూ సంరక్షణ. 2021లో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, మన ఢిల్లీ ఆసుపత్రులు కలిసి మూడువేల మందికి పైగా చిన్నబిడ్డల మీద దాన్ని పరీక్షించిన ఫలితాలు చెప్పాయి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు బిడ్డల్ని, ఆరోగ్యం కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించారు. తల్లి మంచం ఎన్‌ఐసీయూ లోపలే. మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే అధ్యయనాన్ని గడువుకన్నా ముందే ఆపేశారు, పోల్చి చూడటానికి పాత పద్ధతిలో ఉంచిన రెండో గుంపు బిడ్డల్ని తల్లులకు దూరంగా ఉంచడం ఇక అన్యాయమని. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సిఫారసు చేసింది. ఢిల్లీలో అది చేసి చూపించింది సఫ్దర్‌జంగ్, సర్కారీ ఆసుపత్రి, కిటకిటలాడే ఆసుపత్రి. చోటు లేదనే మాట హైదరాబాదులో ఇక ఎవరి నోట వినాలి?

మనం వెనకబడిన రాష్ట్రం కూడా కాదు, అదే నా కడుపుమంట. 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు, దేశంలోనే మొదటి స్థానం. ప్రైవేటులో పదింట ఎనిమిది. పొట్ట కోయడానికి అర్ధరాత్రి కూడా థియేటరు, మత్తు డాక్టరు, నర్సులు సిద్ధం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 37. ఎక్కువమంది నిండు నెలల బిడ్డలుండే లెక్కలోనే ఈ గతి. కోతకు రేటు ఉంది, పిండటానికి లేదు. ప్రైవేటు ఎన్‌ఐసీయూ బిల్లు చేతికి వచ్చినప్పుడు చూడండి, దూదికీ గ్లౌజులకూ సిరంజికీ విడివిడిగా గీతలు ఉంటాయి. తల్లిపాలు ఎన్ని మిల్లీలీటర్లు అందాయి, ఎన్నో గంటకు మొదటి చుక్క అందింది, ఆ గీత ఎక్కడా ఉండదు.

ఆ గీత పెట్టించాలి. సర్కారుదైనా ప్రైవేటుదైనా ప్రతి ఎన్‌ఐసీయూ ఆ అంకెను రాయాలి, అచ్చువేయాలి. దాని పక్కన కులం గడి కూడా ఉండాలి. ఉలిక్కిపడకండి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ మనుషుల్ని పంపి కులాలవారీగా జనాన్ని లెక్కపెట్టింది, ఎవరెంతమందో శాతాల్లో, దశాంశాలతో సహా 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. సీట్ల పంపకానికి పనికొచ్చిన ఆ గడి ఉయ్యాల పక్కన ఎందుకు పనికిరాదు? ఎవరి బిడ్డలు నెలతక్కువ పుడుతున్నారు, ఎవరి బిడ్డలకు ఎన్నో రోజుకు పాలు అందాయి, ఎవరి బిడ్డలకు పేగు కుళ్లింది, ఎవరు ఇంటికి వెళ్లారు, ఎవరు వెళ్లలేదు. ఆరోగ్యశాఖ మంత్రి దగ్గరికి ఈ పట్టిక మొదటిసారి వచ్చిన రోజు, తల్లులకు లోపల మంచం వేయడానికి చోటు లేదని చెప్పిన సూపరింటెండెంట్లు ఆ గదిలోనే ఉండాలి.